కళ్ళారా చూసినవాళ్ళు

పోయినవారం చిట్టిని ప్లీడరుగారి గుమ్మంలో వదిలాం. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, "మా తమ్ముడు తప్పు ఒప్పుకోడండీ" అని ఒక్క మాట అనేసి, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తోచక నిలబడి ఉంది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. చిట్టి తమ్ముడు బ్రెడ్డు వ్యాను నడుపుతాడు. సైలెన్సరు పగిలిన పాత వ్యాను. అది వీధిలోకొస్తే గూట్లో గిన్నెలు గలగలలాడేవి. ఒక పొద్దున సరిగ్గా అక్క ఉండే అపార్ట్‌మెంటు ముందు మలుపులో ఆ వ్యానూ, పిల్లల డాక్టరుగారి కొత్త కారూ గుద్దుకున్నాయి. వ్యాను పక్కకి ఒరిగి, మూలనున్న తాళాల బడ్డీ మీద పడింది. బడ్డీలో కూర్చుని ఎవరిదో తాళంచెవి ఆకురాయితో గీస్తున్న తాళాల తాత అక్కడికక్కడే పోయాడు. డాక్టరుగారిది బ్యాటరీ కారు, చప్పుడుండదు. కారు మెల్లగా వచ్చింది, వ్యాను మెరుపులా వచ్చింది అని వీధి వీధంతా ఒక్క నోటితో చెప్పింది. తమ్ముడు జైల్లో పడ్డాడు. సాక్షుల్లో అందరికన్నా ముందు పేరు చిట్టి అత్తగారిది.

చిట్టి భర్తకి కార్ల షోరూములో పని. "తప్పు ఒప్పేసుకుంటే శిక్ష తగ్గుతుందిరా" అని బావమరిదికి నచ్చజెబుతూ వచ్చింది ఆయనే. ఆయనకి చెప్పకుండానే చిట్టి ఈ ప్లీడరు గడప తొక్కింది.

ప్లీడరుగారు యాభై దాటిన మనిషి. గొంతు పెంచడం ఎరగదు. చిట్టిని కూర్చోమని, సాక్షుల వాంగ్మూలాలు తిరగేసింది.

"ట్యూషన్ టీచరమ్మ ఎనభై అంది. సెలూనాయన తొంభై. మీ అత్తగారు వంద. వీళ్ళలో బండి నడపడం ఎవరికొచ్చమ్మా?"

"సెలూనాయనకి సైకిలు వచ్చండీ."

ప్లీడరుగారు నవ్వలేదు. "జనం వేగాన్ని చెవులతో చూస్తారు. చప్పుడెక్కువైతే వేగం ఎక్కువనుకుంటారు. గుద్దుడు గట్టిదైతే ఇంకో పది కలుపుతారు. మనిషి పోతే ఇంకో ఇరవై. ఆదివారం పొద్దున మీ వీధికి వస్తాను. కోర్టులో చూపించడానికి కాదు. వాళ్ళ కళ్ళు ఏపాటివో నాకు తెలియాలి. నువ్వు మాత్రం ఎవర్నీ పిలవకు. సాక్షుల్ని మనం పిలిపించామన్న మాట రాకూడదు."

"పిలవకపోతే వస్తారాండీ?"

"రెండు బళ్ళు, ఒక నల్లకోటు కనబడితే రానివాళ్ళెవరమ్మా?"

అన్నంతా అయింది.

ఆదివారం ఎండ ఇంకా మేడల మీంచి కిందికి దిగకముందే ప్లీడరుగారు తన బ్యాటరీ కారులో వచ్చింది. వెనకాలే బ్రెడ్డు కంపెనీవాళ్ళ రెండో వ్యాను. తమ్ముడి వ్యానుకి అచ్చు తోబుట్టువు, పగిలిన సైలెన్సరుతో సహా. రెండు బళ్ళలోనూ మీటరు ముందు ఫోను కెమెరా బిగించారు. రెండూ నలభై దాటకుండా వీధి ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళాలి. చెయ్యాల్సిందల్లా అంతే.

సెలూనాయన కత్తెర చేతిలో పట్టుకునే వచ్చేశాడు. ట్యూషన్ టీచరమ్మ తడిజుట్టు ముడేసుకుంటూ గేటు దగ్గరికొచ్చింది. వాళ్ళ వెనక ఇంకో పదిమంది. మూడో అంతస్తు బాల్కనీలో అత్తగారు కుర్చీ ముందుకి లాక్కుని, పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, నాటకానికి ముందువరస దొరికినట్టు కూర్చుంది.

తాత బడ్డీ ఉన్నచోట ఇప్పుడు నల్లటి మరక తప్ప ఏమీ లేదు. రోడ్డు పగుళ్ళలో దిగబడిపోయిన చిన్న చిన్న తాళంచెవులు మాత్రం అక్కడక్కడ మెరుస్తున్నాయి. సెలూనాయన సరిగ్గా వాటి మీదే నిలబడి పళ్ళు కుట్టుకుంటున్నాడు. చిట్టికి అటు చూడబుద్ధి కాలేదు. తాత బతికున్నన్నాళ్ళూ ఆయన దగ్గర ఊరికే తాళాలు బాగుచేయించుకున్న మనిషి ఈ సెలూనాయన.

ముందు కారు వెళ్ళింది. టైర్ల కింద ఇసుక చిటపటలాడింది తప్ప ఇంకే చప్పుడూ లేదు.

"ఇది ఎంతలో వెళ్ళుంటుందంటారు?" ప్లీడరుగారు గాలిని అడిగినట్టు అడిగింది.

"ఇరవై. మహా అయితే పాతిక" అన్నాడు సెలూనాయన. "మర్యాదస్తుల బండి, చూస్తేనే తెలుస్తోందిగా."

తర్వాత వ్యాను. అది రాకముందే దాని చప్పుడొచ్చింది. గోడల మీది పావురాలు లేచిపోయాయి. టీచరమ్మ చెవులు మూసుకుంది. వ్యాను దాటిపోయాక కూడా కాసేపు కిటికీ అద్దాలు వణికాయి.

"డెబ్బై! ఒక్క పిసరు తగ్గదు!" సెలూనాయన కత్తెర పైకెత్తాడు.

"యాభై ఉంటుందేమో..." అంటూ టీచరమ్మ ఆయన మొహంలోకి చూసింది. "అరవై. అరవై అయిదు వేసుకోండి."

"డెబ్బై అయిదే అమ్మాయ్!" పైనుంచి అత్తగారు.

ప్లీడరుగారు టీచరమ్మ వైపు తిరిగింది. "ఆ రోజు వ్యాను వచ్చి కారుకి తగిలినప్పుడు ఎంతలో ఉందమ్మా?"

"తగిలినప్పుడా? ఒక యాభై, యాభై అయిదు ఉంటుందండీ."

"ఏవండీ, మరి దూసుకొచ్చి గుద్దేసినప్పుడు?" ఈసారి సెలూనాయన్ని.

"తొంభై! పోలీసులకీ అదే చెప్పాను."

"అవునవును" టీచరమ్మ తలూపింది. "గుద్దినప్పుడైతే ఎనభై పైమాటే."

"అదేంటమ్మా, తగిలినప్పుడు యాభై, గుద్దినప్పుడు ఎనభయ్యా? జరిగింది ఒక్కసారే కదా?"

టీచరమ్మ మొహం ఎర్రబడింది. "నన్ను తికమక పెట్టకండి. పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని నేను."

ప్లీడరుగారు రెండు ఫోన్లూ తెచ్చి అందరికీ చూపించింది. కారు మీటరు నలభై. వ్యాను మీటరు నలభై. ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూశారు. ఇప్పుడు తల దించుకుంటారు, ఒక్కరైనా 'పొరపాటు పడ్డామేమో' అంటారు అని చిట్టి ఆశగా మొహాలు చూసింది.

సెలూనాయన ఫోను తిరిగిచ్చేశాడు. "ఫోన్లో ఏదైనా చూపిస్తారమ్మా ఈ రోజుల్లో. నా కళ్ళకన్నా ఇది ఎక్కువా? నలభైలో వెళ్ళేది ఇంత రొద చేస్తుందా?"

"అయినా ఇవాళ్టి సంగతి వేరు, ఆ రోజు సంగతి వేరు" అంది టీచరమ్మ, ధైర్యం తెచ్చుకుని.

"అది నలభై అయితే ఆ రోజుది నూట ఇరవయ్యే!" పైనుంచి అత్తగారు అరిచింది. అందరూ పగలబడి నవ్వారు. తాత చచ్చిపోయినచోట నిలబడి, హాయిగా, కడుపులు పట్టుకుని.

చిట్టి చేసేది కళ్ళజోళ్ళ షాపులో. గోడ మీద అక్షరాల అట్ట తగిలించి, ఒక్కో వరసా చదివించడం ఆమె పని. కింది వరసకొచ్చేసరికి కనబడనివాళ్ళు కనబడదని చెప్పరు. కళ్ళు చికిలించి, మెడ ముందుకి చాచి, లేని అక్షరాలన్నీ పలుకుతారు. సరిదిద్దితే, "అదే నేనన్నది" అంటారు. ఇన్నాళ్ళూ సాయంత్రం ఇంటికొచ్చి ఆ ముచ్చట్లు చెప్పి నవ్వించేది. ఇప్పుడు అదే తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ చికిలించిన కళ్ళే, ఆ చాచిన మెడలే కలిసి తన తమ్ముణ్ణి కటకటాల వెనక్కి తోశాయి. వాళ్ళెవరికీ వాడి మీద పగ లేదు. తెలియదు అనడానికి నామోషీ, అంతే.

ప్లీడరుగారు కారెక్కబోతూ ఆమె భుజం తట్టింది. "అబద్ధం చెప్పేవాణ్ణి బోనులో పట్టుకోవచ్చమ్మా. వీళ్ళు అబద్ధం చెప్పట్లేదు. చెప్పేది నిజమనే నమ్ముతున్నారు. అదీ మన ఖర్మ."

చిట్టి మెట్లెక్కి వచ్చి ముందు చేతులు కడుక్కుంది. సబ్బుతో మళ్ళీ కడుక్కుంది. ఎవర్నీ ముట్టుకోలేదు, అయినా ఏదో అంటుకున్నట్టే ఉంది. లోపల అత్తగారు ఫోన్లో వాళ్ళక్కతో మాట్లాడుతోంది. "ప్లీడరమ్మ నోరు మూయించేశాం అక్కా! అంతా మనవైపే..."

ఎవరి వైపు? ఆ నోటితోనే ఈవిడ తమ్ముణ్ణి 'బాబూ' అని పిలిచేది. వాడు తెచ్చిన వేడివేడి బ్రెడ్డు అంచులు ముందు తనకే కావాలని అలిగేది.

ఆరేసిన దుప్పటి తియ్యడానికి చిట్టి బాల్కనీలోకి వెళ్ళింది. దుప్పటి బరువుగా ఉంది. కాళ్ళు లాగుతున్నాయి. ఒక్క క్షణం అత్తగారి కుర్చీలో కూలబడింది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అది పెద్దావిడ సింహాసనం.

కూర్చుని ఎదురుగా చూసింది.

కింద మలుపు కనబడుతోంది. తాత బడ్డీ మరక కనబడుతోంది. సెలూను బోర్డు కనబడుతోంది. దాని పక్కన మేడంత ఎత్తున రంగుల కంపెనీ హోర్డింగు. నవ్వుతూ గోడకి రంగు వేస్తున్న ఒకావిడ. తమ్ముడి వ్యాను వచ్చిన సందు ఆ హోర్డింగు వెనకాల ఉంది. చిట్టి మెడ చాచింది. లేచి నిలబడింది. పిట్టగోడ మీదికి వంగి, మునివేళ్ళ మీద లేచి చూసింది. సందు లేదు. రంగులావిడ మోచెయ్యే ఉంది.

"కింద పడతావే!" అంటూ అత్తగారు వచ్చింది.

"అత్తయ్యా, ఆ రోజు మీరు ఇక్కడే కూర్చున్నారా?"

"మరెక్కడ కూర్చుంటాను? కాఫీ తాగుతున్నాను."

"వ్యాను ఎటునుంచి వచ్చింది?"

"ఆ సందులోంచి."

"ఏ సందు? ఒక్కసారి చూపించండి."

అత్తగారు చెయ్యెత్తింది. వేలు తిన్నగా వెళ్ళి రంగులావిడ ముక్కు దగ్గర ఆగింది.

"దాని వెనకాల."

"వెనకాల ఉన్నది మీకెలా కనబడింది?"

"ఈ బొమ్మ తర్వాత పెట్టారేమో."

"దాని పళ్ళు బాగాలేవని మీరు రోజూ తిడతారు అత్తయ్యా. నేనొచ్చినప్పట్నుంచీ వింటున్నాను."

అత్తగారు కుర్చీలో కూర్చుంది. పమిట కొంగుతో మొహం తుడుచుకుంది. "విన్నానే. చెవులారా విన్నాను. అంత చప్పుడు చేసేది మెల్లగా వస్తుందా?"

"విన్నానని చెప్పొచ్చుగా పోలీసులకి."

"విన్నావా అని వాళ్ళడిగితేగా! 'ఎంత స్పీడులో దూసుకొచ్చింది పెద్దమ్మా' అన్నారు. చూశావా లేదా అన్నవాడే లేడు. నలుగురూ చుట్టూ నిలబడి నా మొహంలోకే చూస్తున్నారు. జన్మలో నన్నెవడైనా అలా ఒక మాట అడిగాడా? తెలీదనమంటావా?"

"అందుకని వంద అనేశారా? మీ అక్కగారితో మొదట ఫోన్లో అరవై అన్నారు. నేను పక్కనే ఉన్నాను. పై పోర్షనావిడతో డెబ్బై. పోలీసుల దగ్గరికొచ్చేసరికి వంద."

"అరవై అంటే ఎంతో, వంద అంటే ఎంతో నాకేం తెలుసే? నేనెక్కింది బస్సు, దిగింది బస్సు. వాడే అన్నాడు, 'వందైనా ఉంటుంది, వంద అనే చెప్పమ్మా' అని."

"ఎవరు?"

"ఎవరేంటి, మీ ఆయన."

"ఆయనకెలా తెలుసు?"

అత్తగారు కొంగు మడతలు పెట్టింది.

"ఆయన షోరూములో ఉన్నారు కదా అత్తయ్యా. నేను ఏడుస్తూ ఫోన్ చేస్తే, ఎప్పటికో వచ్చారు."

"షోరూములోనే ఉన్నాడు. నేనేదో నోరు జారాను. వదిలెయ్."

చిట్టి వదల్లేదు. కుర్చీ ముందు నేల మీద చతికిలబడి, ముసలావిడ మోకాళ్ళ మీద రెండు చేతులూ వేసింది. "తమ్ముడు లోపల అన్నం తినట్లేదు. వెళితే 'అక్కా, నేను నిజంగానే అంత జోరుగా వచ్చానేమో, నాకే తెలియట్లేదేమో' అంటున్నాడు. అందరూ అంతలా చెప్పేసరికి వాడికి వాడి మీదే నమ్మకం పోయింది. అత్తయ్యా, లేచి చూసేసరికి మీకు కనబడిందేంటి? చూసింది మాత్రమే చెప్పండి."

అత్తగారు రంగులావిడ వైపు చూస్తూ చెప్పింది.

"వ్యాను పడిపోయుంది. దుమ్ము. కారు ఇటు పక్కన ఆగుంది. డాక్టరుగారు అటువైపు తలుపు తీసుకుని దిగారు. ఇటు తలుపు కూడా తెరుచుకుంది."

"ఇటువైపా? ఆయనొక్కరే ఉన్నారని కదా అందరూ చెప్పింది?"

"ఇటువైపు దిగింది మనవాడే."

చిట్టికి వెంటనే అర్థం కాలేదు. 'మనవాడు' అనగానే ఆమె మనసు పిచ్చిగా తమ్ముడి వైపే వెళ్ళింది.

"ఆ కారు ఆ పొద్దునే ఇచ్చార్ట వాళ్ళ షోరూము నుంచి" అత్తగారు ఇక ఆగలేదు. "పక్కన కూర్చుని అన్నీ చూపిస్తున్నాట్ట. 'ఎంత తొందరగా అందుకుంటుందో ఒక్కసారి తొక్కి చూడండి డాక్టరుగారూ' అన్నాట్ట. ఆయన తొక్కారు. చప్పుడు లేదాయె, ఎంతలో వెళుతున్నారో ఆయనకే తెలీలేదట. ఆ సాయంత్రం వాడు నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడే. ఉద్యోగం పోతుంది, జైల్లో వేస్తారు అన్నాడు. కన్నదాన్ని, ఏం చెయ్యమంటావు?"

చిట్టి చేతులు వెనక్కి తీసుకుంది.

"చూసింది ఒక్కటి. దాన్ని గుటుక్కున మింగేశారు. చూడనిదాన్ని వీధికంతా పంచిపెట్టారు."

లేచి బాత్రూములోకి వెళ్ళి సబ్బుతో మళ్ళీ చేతులు కడుక్కుంది. జైల్లో తమ్ముడికి కొత్త చొక్కా పట్టుకెళ్ళింది ఈయనే. దాని బొత్తాలు కూడా తనే కుట్టించాడు. ఊచల్లోంచి చెయ్యి పెట్టి, వాడి తల నిమిరి, "ఒప్పేసుకోరా, నేనున్నాను" అన్నాడు. పక్కనే నిలబడి తను కళ్ళు తుడుచుకుంది. ఎంత మంచివాడు నా మొగుడు అనుకుంది. ఆ అనుకున్నందుకే ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ రోత పుట్టింది.

ఆయన భోజనానికి వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పి, రెండూ సమంగా పక్కపక్కన పెట్టాడు. తల్లి మొహం చూశాడు. పెళ్ళాం మొహం చూశాడు. మంచినీళ్ళు తనే ముంచుకుని తాగాడు.

"డాక్టరుగారి కారులో మీరెటువైపు కూర్చున్నారు?" అడిగింది చిట్టి.

గ్లాసు బోర్లించాడు. "ఎవరికి చెప్పావు?"

కాదనలేదు. ఏ కారు అనలేదు. చిట్టి ఎదురుచూసిన అబద్ధం కూడా ఆమెకి దక్కలేదు.

"ఇంకా ఎవరికీ చెప్పలేదు."

"కూర్చో." కుర్చీ లాగి తను కూర్చున్నాడు. "పొద్దున కింద తమాషా జరిగిందట కదా. ఎవడో తీసిన వీడియో షోరూముదాకా వచ్చింది. బాగా చేసింది మీ ప్లీడరు. కళ్ళారా చూశామన్నవాళ్ళ మాట పనికిరాదని తేల్చిపారేసింది. ఇప్పుడు మా అమ్మని బోనెక్కిస్తావా? మూడో అంతస్తు. దుమ్ము. ఈ వయసు కళ్ళు. వంద అన్న నోటితోనే కొడుకు దిగాడంటే ఏమంటారు? రేపు మాట మారిస్తే, కోడలు బెదిరించి చెప్పించింది అంటారు."

గొంతులో కోపం లేదు. కారు కొనడానికి వచ్చినవాళ్ళతో మాట్లాడే గొంతే, అదే మెత్తదనం.

"బావా అని వాడు మీ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు."

"నేనూ ఏడ్చాను చిట్టీ." నిజంగానే ఆయన కళ్ళు చెమర్చాయి. "నాకు లేదనుకున్నావా బాధ? కానీ ఇద్దరం లోపలికెళ్ళి ఏం లాభం చెప్పు. వాడికి ముందూ వెనకా ఎవరూ లేరు. కుర్రాడు, తట్టుకుంటాడు. వచ్చాక నేనే మా దగ్గర పనిలో పెట్టిస్తాను."

చిట్టి ఆయన్ని తేరిపార చూసింది. రోజూ పక్కలో పడుకునే మనిషి. కదలకుండా ఉన్న బల్లి హఠాత్తుగా కదిలినట్టు ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"మీ అమ్మగారు కళ్ళారా చూశారు."

"అమ్మ మాట అమ్మకే గుర్తుండదు. చత్వారం. టీవీలో చూసింది వీధిలో జరిగిందంటుంది, వీధిలో జరిగింది కలలో వచ్చిందంటుంది. డాక్టరుగారితో చెప్పి మతిమరుపని ఒక చీటీ రాయిస్తే, ఇంక అడిగేవాడుండడు."

బాల్కనీ గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. అంతా వింది.

"ఏంట్రా నాకు?"

"నువ్వు లోపలికెళ్ళమ్మా."

"మతిమరుపా? చీటీ రాయిస్తావా నా మీద?" ముసలావిడ గొంతు చీలింది. వీధిలో నవ్వులు పూయించిన గొంతు కాదది. "నీ కోసం నోట్లో మన్నుకొట్టుకుని, పసివాణ్ణి లోపలికి తోయించి, పైకి నవ్వుతూ తిరిగాను. ఇప్పుడు నాకు కళ్ళు లేవు, మతి లేదు!"

"అమ్మా, మెల్లగా."

"ఏం మెల్లగా! నా కళ్ళు పనికిరాకపోతే పోనీ. ఆ రోజు నువ్వు కారు దిగి, కాలు మడతపడి బోర్లా పడితే, చంకల్లో చేతులేసి లేపిందెవడు? నీ నుదుటి మీద నెత్తురు తుడిచి, వెనక సందులోంచి పంపించిందెవడు? ఆ కళ్ళకీ చత్వారమేనా?"

ఆయన చెయ్యి నుదుటి మీదికి పోయింది. కనుబొమ పైన చిన్న గాటు. షోరూము అద్దం తలుపు కొట్టుకుందని చెప్పాడు. చిట్టే పసుపు మందు రాసింది.

"ఎవరు అత్తయ్యా?"

అత్తగారు గడ్డంతో కిందికి చూపించింది. సెలూను వైపు.

తొంభై అని కత్తెర పైకెత్తిన మనిషి. ఫోను మీటరు చూసి కూడా పట్టు విడవని మనిషి. ఈయన అబద్ధం చెప్పట్లేదు, నమ్ముతున్నాడు అని ప్లీడరుగారు అనుకున్న మనిషి.

చిట్టి చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లవైపు పరుగెత్తింది. "చిట్టీ! ఆగు! నేను చెప్పేది విను!" వెనకనుంచి ఆయన అరిచాడు. ఆ మెత్తటి గొంతు అంత ఎత్తుకి లేవడం ఆమె ఎన్నడూ వినలేదు. రెయిలింగు పట్టుకుని ఒక్కో మలుపూ తిరుగుతూ దిగింది. పైన కుర్చీ పడిన చప్పుడు, ఆ తర్వాత ఉత్తి కాళ్ళతో పరుగెత్తుకొస్తున్న చప్పుడు.

సెలూను షట్టరు సగానికి దించి ఉంది. లోపల దీపం వెలుగుతోంది. చిట్టి వంగి లోపలికి దూరింది. సబ్బు వాసన, తడి జుట్టు వాసన. సెలూనాయన కత్తి పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపేశాడు. ఆమె మొహం చూడగానే ఆయన మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"ఆ రోజు మా ఆయన్ని లేపింది మీరే కదూ?"

సెలూనాయన కుర్చీలో ఉన్న మనిషి వైపు చూశాడు, ఏం చెప్పమంటారు అన్నట్టు.

కుర్చీలో ఉన్న మనిషి మెడ కింది గుడ్డ తనే లాగేసుకుని, నురగ నిండిన మొహంతో నెమ్మదిగా ఇటు తిరిగాడు. చిట్టి పెళ్ళైన ఏడాది, కడుపు నిలబడనప్పుడు, ఆస్పత్రి వరండాలో ఆగి, "ఏం పర్వాలేదమ్మా" అని ధైర్యం చెప్పిన మొహమే అది.

"షట్టరు పూర్తిగా దించెయ్యవయ్యా" అన్నారు పిల్లల డాక్టరుగారు.